మగబిడ్డల గడ్డ

ఆ ఇంట్లో స్తమాత తన చేత్తో కాచుకోకుండా తాగేది ఒక్క కప్పే. పొద్దున్నే అత్తగారు పెలాగియా అందించే కప్పు.

“తాగమ్మాయ్, చల్లారితే చిక్కబడిపోతుంది,” అంటుందావిడ. నల్లబట్టల్లో పొయ్యి పక్కన నిలబడి, కోడలు ఆఖరి గుక్క మింగేదాకా చూపు తిప్పదు. తాగాక కప్పు తీసుకుని వంచి అడుగు చూస్తుంది. ఏం వేశారని అడిగితే కొండ మీద దొరికే టీ ఆకు, కరోబ్ అనే చెట్టు తీపి కాయల పానకం, దాల్చినచెక్క, చిక్కదనానికి కాస్త పిండి అంటుంది. “నీళ్లతోనే కాచాను, పాలు తగల్లేదు. నీ ఉపవాసానికేం ఢోకా లేదు,” అని కూడా అంటుంది. ఈస్టర్ ముందు ఉపవాసాల్లో శుక్రవారం ఆలివ్ నూనె కూడా ముట్టని మనిషి ఆవిడ.

ఈ ఏడు ఉపవాసాల మొదట్లో, మొదటి రోజు ఆ కప్పు చేతికొచ్చినప్పుడు స్తమాతకి నిజంగానే కళ్లు చెమర్చాయి. పెళ్లై ఆ ఇంటికొచ్చి పదేళ్లు. ఈ పదేళ్లలో ఆమె కాచిన కాఫీలు ఎన్నో ఎవరికి తెలుసు. మామగారు పోయేదాకా ఆయనకి నురగ చెదరకుండా ఇవ్వాలి. మొగుడు సిఫిస్‌కి తీపి తక్కువ, వాళ్ల అమ్మకి తీపి ఎక్కువ, మేడ మీద గదుల్లో దిగే అతిథులకి ఎవరి రకం వాళ్లది. ఒకసారి జ్వరంతో పడుకున్నది దాహం వేసి లేస్తే, “లేచావా, అయితే నాక్కూడా ఒకటి పెట్టు,” అన్నాడు సిఫిస్. తప్పుగా అన్లేదు, ప్రేమగానే అన్నాడు. అలాంటి ఇంట్లో అత్తగారంతటి మనిషి “మొహం పీక్కుపోయింది, ఇది తాగు,” అంటే ఎవరికైనా కాదనబుద్ధి కాదు. ఒక్క కప్పుకి మనం ఎంత చవగ్గా దొరికిపోతామో తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆ పూట మాత్రం స్తమాతకి ఒళ్లు మండలేదు. కడుపులో వెచ్చగా, హాయిగా అనిపించింది.

స్తమాత అంటే వాళ్ల భాషలో ‘ఆగు’ అని. ‘ఆపు’ అన్నా అదే మాట. బస్సు ఆపమన్నా, కుక్కని అరవద్దన్నా, పిల్లల్ని కొట్టుకోవద్దన్నా ఆ మాటే. క్రీట్ దీవి కొండ ఊళ్లలో వరసగా ఆడపిల్లలే పుడుతుంటే, ఇక ఈ వరస ఆగాలని ఆఖరి పిల్లకి ఆ పేరు పెడతారు. ఆమె నాలుగోది. పేరు పనిచేసింది, తరవాత తమ్ముడు పుట్టాడు, ఊరంతా పేరునీ, ఆ పేరు పెట్టిన పాదిరినీ మెచ్చుకుంది, పిల్లని తప్ప. చిన్నప్పుడు వీధిలో ఎవరు ఎవరిని ఆగమన్నా తననే పిలిచారనుకుని వెనక్కి తిరిగేది. పెద్దయ్యాక తిరగడం మానేసింది గాని, ఆ మాటని తన నోటితో వాడటం మాత్రం ఎప్పుడూ అలవాటు కాలేదు. బస్సు ఆపాలంటే చెయ్యి ఊపుతుంది. పిల్లలు కొట్టుకుంటే “చాలు” అంటుంది. తన పేరుని తనే ఇంకొకరి మీదికి విసిరినట్టు ఉంటుందని ఆమెకి బెరుకు.

“నీ పేరు మీ ఇంట్లో పనిచేసింది గాని, మా గడప దాటి లోపలికి రాలేదే,” అంటుంది పెలాగియా అప్పుడప్పుడూ. స్తమాతకి ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దదానికి ఆచారం ప్రకారం నాయనమ్మ పేరే, చిన్న పెలాగియా. రెండోది అనెజా. అనెజా పుట్టాక “ఇక చాలు” అంది స్తమాత. “సరే, నీ ఇష్టం,” అన్నాడు సిఫిస్. ఆ ‘సరే’ని నమ్మి ఆమె, అతనికి మాత్రమే తెలిసేలా, కుట్టుపని డబ్బాలో గర్భం రాకుండా వాడే మాత్రల అట్ట దాచుకుంది. పిల్లలు కాస్త పెద్దవాళ్లైతే మధ్యలో వదిలేసి వచ్చిన చదువు పూర్తి చెయ్యాలని ఆమె ఆశ. ఇరాక్లియో యూనివర్సిటీలో వృక్షశాస్త్రం మూడో ఏడు చదువుతుండగా పెళ్లయింది. ఈ ఉపవాసాల మొదట్లో ఆ మాత్రల అట్ట కనిపించకుండా పోయింది. ఎక్కడో పెట్టి మర్చిపోయానని తనని తానే తిట్టుకుని, పట్నం వెళ్లినప్పుడు ఇంకోటి కొని బట్టల క్లిప్పుల సంచీలో వేసింది. ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టని చోటు అదొక్కటే.

వసంతంలో ఆ ఊరికి విదేశాల నుంచి జనం ఆర్కిడ్లు చూడటానికి వస్తారు. తేనెటీగ వచ్చి వాలినట్టుండే చిన్న చిన్న అడవి ఆర్కిడ్లు, గడ్డిలో జానెడు ఎత్తున పూస్తాయి. సిఫిస్ వాళ్లని జీపులో తిప్పుతాడు. జీపు మీద ‘ఆర్కిడ్ల సిఫిస్’ అని రాయించుకున్నాడు. ఏ పువ్వుకి ఏ పేరో ముందురోజు సాయంత్రం స్తమాత గిన్నెలు తోముతూ చెబితే అతను బట్టీపడతాడు. ఒకరోజు భోజనాల దగ్గర ఒక డచ్చి ముసలావిడ రెండు ఫొటోలు చూపించి వీటికి తేడా ఏమిటని అడిగింది. పళ్లేలు మోస్తున్న స్తమాత ఆగి, “కింది రేక మీద వెంట్రుకలు చూడండి, ఇందులో పైకి తిరిగి ఉన్నాయి...” అనేలోపు సిఫిస్ నవ్వాడు.

“మా ఆవిడకి పాలకూరకీ గడ్డికీ తేడా బాగా తెలుసండీ. ఆర్కిడ్ల సంగతి నన్నడగండి.”

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. స్తమాత కూడా నవ్వి పళ్లేలు పెట్టింది. వంటింట్లోకి వెళ్లాక కూడా ఆ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. తీసెయ్యడానికి కాస్త సమయం పట్టింది.

అతనికి ఇంకో జోకు ఉంది, ప్రతి గుంపుకీ చెబుతాడు. ఆ పువ్వు ఆడ తేనెటీగలా కనిపించి, ఆడ తేనెటీగలాగే వాసన వేసి మగదాన్ని రప్పిస్తుంది. అది వచ్చి జతకట్టానని భ్రమపడి, ఒంటికి పుప్పొడి అంటించుకుని వెళ్లిపోతుంది. “చూశారా, పువ్వుల్లో కూడా మోసం ఆడదానిదే,” అంటాడు. ఆడదెవరు అక్కడ, అనుకుంటుంది స్తమాత దుప్పట్లు మారుస్తూ. ఆ పువ్వు పుట్టిన చోటే నిలబడి ఉంది. వచ్చినవాడు తనకి కావలసింది చూసుకుని వాలి, తన దారిన పోయాడు. వాడేమనుకున్నాడో అదే ఆ పువ్వుకి పేరైంది.

పోయిన ఏడాది అడవి కూరలు కోసుకురావడానికి వెళ్లి ఆమె అంతకు ముందెప్పుడూ చూడని ఆర్కిడ్‌ని చూసింది. ఊరి పైన పాడుబడిన కళ్లం ఉంది, ఒకప్పుడు బార్లీ నూర్చేవాళ్లు. దాని అంచున రాళ్ల మధ్య ఓ పదీ పన్నెండు మొక్కలు. తనకి తెలిసిన రకాలన్నీ పూసి వాడిపోయాక ఇవి విచ్చుకున్నాయి. ముదురు గోధుమరంగు కింది రేక, దాని మీద సీసపు రంగులో మెరిసే మచ్చ, అంచున సన్నటి పసుపు గీత. మచ్చ చూస్తే ఆర్కిడ్లలో ఒక తెగ అనిపిస్తుంది. కాని రేక మీది వెంట్రుకలు ఆ తెగలో ఉండాల్సిన దిక్కుకి ఎదురు దిక్కులో పడుకుని ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని అలా ఎంతసేపు చూసిందో ఆమెకే తెలీదు. ఇంటికెళ్లేసరికి మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది, మాట పడింది.

ఫొటోలు తీసి తన పాత టీచరు మిర్సినికి పంపింది. అంతకు ముందు తొమ్మిదేళ్లుగా ఆవిడకి పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ పంపలేదు. మిర్సిని ఆ సాయంత్రమే ఫోన్ చేసింది.

“ఎక్కడ చూశావో ఎవరికీ చెప్పకు. తవ్వకు. ఇది నాకు తెలిసిన దేనితోనూ కలవడం లేదు స్తమాతా. కాని ఫొటోతో తేలదు. దీని మీద ఏ మగ తేనెటీగ వాలుతుందో చూడాలి. తల పైకి పెట్టి వాలుతుందా, కిందికి పెట్టి వాలుతుందా చూడాలి. పుప్పొడి దాని తలకి అంటితే ఒక తెగ, తోకకి అంటితే ఇంకో తెగ. అది నువ్వే చూడాలి. చూశావంటే ఆ వ్యాసం మీద మొదటి పేరు నీది. నీ చదువు సంగతి కూడా నేను మాట్లాడతాను.”

ఆ ఏడు తేనెటీగ రాకుండానే పూలు వాడిపోయాయి. స్తమాత ఏడాదంతా ఎదురుచూసింది. అంట్లు తోముతూ, ఇస్త్రీ చేస్తూ, మేడ మెట్లు కడుగుతూ ఆమె లోపల ఒక చిన్న గోధుమరంగు పువ్వు మీద కాపలా కూర్చుని ఉంది.

ఈ వసంతంలో మొదటిసారి కళ్లం దగ్గరికి వెళ్లినప్పుడు మొగ్గలున్నాయి, పక్కనే ఒక గుంట కూడా ఉంది. ఏ అడవి జంతువో తవ్వి ఉంటుంది అనుకుంది. రెండోసారి వెళ్తే గుంటలు ఎక్కువయ్యాయి. వంగి చూసింది. ప్రతి గుంటనీ ఎవరో మళ్లీ మట్టితో పూడ్చి, అరచేత్తో తట్టి చదును చేశారు. జంతువేదీ తవ్విన గుంట పూడ్చదు.

ఆ రోజు నుంచి ఆమెకి కంటిమీద కునుకు లేదు. భోజనాల బల్ల దగ్గర అతిథుల గోళ్ల కింద మట్టి ఉందేమోనని చూసేది. ఎవరు ఎక్కువ ప్రశ్నలడుగుతున్నారు, ఎవరు ఒంటరిగా నడకకి వెళుతున్నారు అని గమనించేది. కొండెక్కుతుంటే వెనక ఎవరో వస్తున్నట్టు ఉండేది, తిరిగి చూస్తే మేకలు. అన్నిటికంటే ఆమెని భయపెట్టింది ఆ తట్టిన మట్టి. అంత శ్రద్ధగా, అంత ఓపిగ్గా తట్టారు దాన్ని. పిండి ముద్ద చేసి బట్ట కప్పే ముందు తట్టినట్టు.

ఈస్టర్ వారం మొదట్లో దక్షిణపు గాలి మొదలైంది. సముద్రం అవతలి ఎడారి నుంచి దుమ్ము మోసుకొచ్చి ఆకాశాన్ని తుప్పు రంగు చేసే గాలి. ఆరేసిన దుప్పట్లన్నీ పసుపు పట్టి మళ్లీ ఉతకాల్సి వచ్చింది. “గదుల్లో దుమ్ము వాసనొస్తోందట, వాళ్లు అంటున్నారు,” అన్నాడు సిఫిస్, ఆ దుమ్ముని ఆమే పిలిచి లోపల కూర్చోబెట్టినట్టు. గురువారం పొద్దున గాలి కాస్త తగ్గగానే ఆమె కూరల సంచీ, కత్తీ పట్టుకుని కళ్లం దగ్గరికి పరిగెత్తింది.

ఒక్క మొక్క మిగిలింది. మొగ్గ రేపో మాపో విచ్చుకునేలా ఉంది. మిగతావన్నీ చదును చేసిన మట్టే. ఈసారి తవ్వినవాళ్లు గాలికి తొందరపడినట్టున్నారు. తుంచేసిన మొగ్గల కాడ ఒకటి రాయి మీదే పడి ఉంది, పక్కన ముడతలు పడిన చిన్న గడ్డ ఒకటి. ఆ మొక్క కింద ఎప్పుడూ రెండు గడ్డలుంటాయి. ఒకటి పాతది, ఈ ఏటి పువ్వుని పెంచి ముడుచుకుపోయేది. రెండోది నిండుగా, వచ్చే ఏటి కోసం దాచుకున్నది. సేకరించేవాడైతే మొక్కంతా తీసుకెళతాడు. ఈ చెయ్యి మొగ్గని పారేసింది, పాత గడ్డని పారేసింది. నిండుగా ఉన్నది మాత్రం తీసుకుంది.

స్తమాత ఆ ముడుచుకున్న గడ్డని అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. వాళ్ల అమ్మమ్మ కోళ్లకి గింజలు వేస్తూ చెప్పిన మాట ఎక్కడి నుంచో వచ్చింది. నిండు గడ్డ తాగితే మగపిల్లాడు, ముడుచుకున్నది తాగితే ఆడపిల్ల. మీ అమ్మకి ఎవరో ముడుచుకున్నవే పోసినట్టున్నారు. మగబిడ్డల గడ్డ అంటారు దాన్ని ఊళ్లో. ఎండబెట్టి, దంచి, వేడినీళ్లలో వేస్తే చిక్కగా గంజిలా అవుతుంది.

చిక్కగా. ఆమె నోట్లో దాల్చినచెక్క రుచి తేలింది. ఆ పొద్దున తాగిన కప్పే అది. ఏడాదంతా కాపలా కాసిన పువ్వుని తను రోజూ పొద్దున్నే మింగుతోంది, పైగా మనసులో అత్తగారికి దండం పెట్టుకుంటూ. రాళ్ల మధ్య వంగి వాంతి చేసుకోవాలనుకుంది, రాలేదు. కడుపు దాన్ని ఎప్పుడో తనది చేసుకుంది.

ఇంటికొచ్చి దేవుడి మూలకి వెళ్లింది. మరియమ్మ పటం వెనక పెలాగియా జపమాల లాంటిదేదో వేలాడదీస్తుందని ఆమెకి తెలుసు. పదేళ్లుగా పటం దుమ్ము తుడుస్తూ కూడా దాన్ని ముట్టుకోలేదు, అత్తగారి భక్తి కదా అని. పటం తిప్పింది. దారానికి గుచ్చిన ఎండు గడ్డలు, పసుపుపచ్చగా, గట్టిగా. రెండో మూడో మిగిలాయి. వాటి పక్కన చెక్క సందులో దోపి ఆమె మాత్రల అట్ట.

“పటాన్ని అలా తిప్పకూడదు,” అంది వెనక నుంచి పెలాగియా. పండగకి గుడ్లకి వెయ్యడానికి ఎర్ర రంగు నీళ్లు కాస్తోంది, చేతిలో గరిటె ఉంది.

“ఇవేమిటి అత్తయ్యా?”

“చూస్తున్నావుగా. ఊళ్లో పుట్టిన పిల్లవి, నీకు తెలీదా?”

“కళ్లం దగ్గరివేనా?”

“అక్కడివే. ఎక్కడ పడితే అక్కడ దొరికేవి పనిచెయ్యవు. మా అత్త చూపించిన చోటది, ఆవిడకి వాళ్ల అత్త చూపించింది. అప్పట్లో కళ్లం చుట్టూ చేనులా ఉండేవి. ఇప్పుడు నేల పాడైపోయింది, ఏదీ మొలవడం లేదు.”

నేల పాడవలేదు. ఆ కొండ మీద ఆ పువ్వు ఎందుకంత అరుదో ఏ పుస్తకంలోనూ లేని కారణం స్తమాతకి గుడ్ల గిన్నె పక్కన నిలబడి తెలిసింది. కోడలి తరవాత కోడలు, వసంతం తరవాత వసంతం, ఆ చేనంతా తాగేశారు.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే తాగేదానివా? చదువుకున్నదానివి.” పెలాగియా గరిటెతో రంగు కలిపింది. “నేను ఏడు వసంతాలు తాగాను. మధ్యలో ఇద్దరు ఆడపిల్లలు పుట్టిపోయారు, ఆ సంగతి మీ ఆయనక్కూడా తెలీదు. తాగకపోతే పుట్టింటికి పొమ్మంది మా అత్త. చేదుగా, ఉత్త నీళ్లలో. నీకు దాల్చినచెక్క వేశాను, పానకం పోశాను. నాకెవరేశారు?”

స్తమాతకి ఆ నిమిషంలో ఆవిడ మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కాని దాని కింద ఇంకేదో ఉంది, ఆ ఇద్దరు పిల్లలకి పేర్లేమైనా పెట్టారా అని అడగాలనిపించింది. అడగలేదు. సిఫిస్ జీపు తాళాలు ఊపుకుంటూ లోపలికొచ్చాడు. తిప్పి ఉన్న పటాన్ని చూశాడు, తల్లిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. ఆ చూపులో ఆశ్చర్యం లేకపోవడం స్తమాత కంటపడింది.

“నీకు తెలుసా?”

“ఏముందిలే, మందేగా. విషం పోశారా ఏంటి? అమ్మ సరదా.”

“మాత్రలు?”

“అమ్మ అడిగింది, ఇచ్చాను.” తాళాలు బల్ల మీద పెట్టాడు. “ఇప్పుడు దానికి రాద్ధాంతం చెయ్యకు, పైన జనం ఉన్నారు. ఒక్కడు పుడితే చాలు స్తమాతా. తరవాత నీ చదువు, నీ పూలు, నీ ఇష్టం. నేను అడ్డం వస్తే అడుగు.”

ఎంత మామూలుగా అన్నాడంటే, ఆమెకి ఒక్క క్షణం తనే ఏదో రాద్ధాంతం చేస్తున్నట్టు అనిపించింది. ఈ పదేళ్లూ అలా అనిపించే గడిచాయి.

“కాఫీ పెట్టు,” అన్నాడు వెళ్తూ.

పెలాగియా గుడ్లు ఒక్కొక్కటే రంగులో వదిలింది. “అక్కడ ఇంకొక్కటే మిగిలింది, మొగ్గ మీదుంది,” అంది, బజారు నుంచి తేవాల్సిన ఉల్లిపాయల గురించి చెబుతున్నట్టు. “రేపు గుడ్ ఫ్రైడే. ఆ రోజు తవ్వినదానికి బలం ఎక్కువ. మొగ్గో పువ్వో కనిపిస్తే చాలు, పోల్చుకోవచ్చు. అవి లేకపోతే ఆ ఎండాకుల్లో దేవుడిక్కూడా దొరకదు.”

స్తమాత కాఫీ పెట్టింది. తరవాత గుడ్లు తీసి తుడిచింది, మిగిలినవి ముంచింది. ఎర్రబడిన చేతులు ఎంత కడిగినా వదల్లేదు.

గుడ్ ఫ్రైడే పొద్దున ఊళ్లో ఆడవాళ్లు, సాయంత్రం గుడి దగ్గర ఊరేగించే క్రీస్తు పాడెని అలంకరించడానికి పూలు కోస్తారు. స్తమాత ఎవరూ లేవకముందే బుట్టా, కత్తెరా పట్టుకుని ఇల్లు దాటింది, కప్పు అందేలోపు. గాలి పూర్తిగా పడిపోయింది. దుమ్ము పట్టిన కొండ మీద ఎండ పాకుతోంది. మొగ్గ విచ్చుకుంది.

బుట్టని పక్కన పెట్టి, దారిలో కోసిన గసగసాల పూలూ చేమంతులూ వాడిపోతున్నా పట్టించుకోకుండా, ఫోను పట్టుకుని ఆమె బోర్లా పడుకుంది. ఎండ కాళ్ల మీదికొచ్చింది, వీపు మీదికొచ్చింది. పెద్ద తేనెటీగలు పక్కనుంచే పోయాయి, ఒక్కటీ ఆగలేదు. ఇక రాదు అనుకుంటుండగా ఒకటి వచ్చింది. చిన్నది, బూడిదరంగుది, తోక కొసన ఇటుకరంగు. పువ్వు ముందు గాల్లో ఊగింది, వాలింది, గిర్రున తిరిగింది. తల కిందికి పెట్టి, తోకని పువ్వు గొంతులోకి దూర్చింది. లేచినప్పుడు దాని తోకకి రెండు చిన్న పసుపు ముద్దలు అంటుకుని ఉన్నాయి. మచ్చ ఒక తెగది, వెంట్రుకలూ వాలే తీరూ ఇంకో తెగవి, ఆ తేనెటీగ రెండు తెగల మీదా వాలేది కాదు. ఆమె వీడియో చెదరనివ్వలేదు.

సంతోషంతో ఏడవాల్సిన సమయం అది. కింద దారిలో రాళ్లు దొర్లిన చప్పుడైంది. నల్లబట్టలు, చేతికర్ర, ఇంకో చేతిలో కత్తి. పెలాగియా ఆగి ఆగి ఎక్కుతోంది.

మిర్సిని వచ్చి చూసేదాకా ఉంచాల్సిన పువ్వు అది. గింజ కట్టాల్సిన పువ్వు, మొత్తం కొండ మీద ఆఖరిది. స్తమాత కత్తెర తీసి కాడని నేల దాకా కోసింది. పువ్వుని బుట్టలో గసగసాల పూల కింద పెట్టింది. అడుగున వాడిన ఆకుల మీద ఎండుగడ్డి లాగి, దాని మీద ఒక రాయి దొర్లించి, లేచి నిలబడింది. కింద మట్టిలో నిండు గడ్డ ఉంది. వచ్చే ఏడు అది లేస్తుంది. ఎక్కడ లేస్తుందో తెలిసిన మనిషి తనొక్కతే.

“ఇంత పొద్దున్నే ఇక్కడేం చేస్తున్నావు?” అంది పెలాగియా రొప్పుతూ.

“పాడెకి పూలు కోస్తున్నా అత్తయ్యా.”

ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని వెతికింది. కత్తి మొనతో గడ్డి విడదీసింది, రెండు మూడు చోట్ల పొడిచింది. ఒకసారి కత్తి ఆ రాతికి తగిలి టక్కుమంది. స్తమాత బుట్టలో గసగసాల పూలు సర్దింది.

“ఇక్కడే ఉండాలి. మొన్న మొగ్గ చూశాను.”

“మేకలు తిని ఉంటాయి.”

పెలాగియా తలెత్తి కోడలి కళ్లలోకి చూసింది, తరవాత బుట్టలోకి చూసింది. చెయ్యి చాపింది. స్తమాత ఆ చెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే కొండ దిగారు, లేకపోతే ముసలావిడ పడిపోతుంది.

సాయంత్రం గుడి ముందు పూల పాడెని ఎత్తి పట్టుకున్నారు. జనం దాని కింద నుంచి వంగి దూరుతున్నారు. “దూరు, కడుపు పండుతుంది,” అని పెలాగియా కోడల్ని వీపు మీద చెయ్యేసి నెట్టింది. స్తమాత దూరింది. ఇవతలికొచ్చి చూస్తే, పెలాగియా పాడెకి ముద్దు పెట్టబోయి ఆగిపోయింది. వందల పూల మధ్య, ఒక మూల, గోధుమరంగు చిన్న పువ్వు. ఆవిడ దాన్ని ఎంతోసేపు చూసింది. వెనకవాళ్లు కదలమన్నాక కదిలింది.

శనివారం పొద్దున స్తమాత పిల్లలకి జడలు వేస్తుంటే ఫోన్ మోగింది. మిర్సిని సందేశం. “నువ్వు పంపిన వీడియో రాత్రంతా చూశాను. మనకి తెలిసిన ఏ రకమూ కాదిది. వచ్చే వసంతంలో నేనే వస్తాను. సెప్టెంబరులో నువ్వు రా, మూడో ఏడు నుంచి మొదలుపెడదాం.”

“ఎవరు?” అన్నాడు సిఫిస్ బల్ల దగ్గర నుంచి.

ఆమె బదులు చెప్పేలోపు కప్పు ఆమె మొహం ముందుకొచ్చింది. దాల్చినచెక్క వాసన. పెలాగియా చేతి వేళ్లకి ఇంకా ఎర్ర రంగు ఉంది.

“దారానికి మిగిలిన ఆఖరివి,” అంది. “ఇంక లేవు, నీ పుణ్యమా అని. తాగు.”

“తాగెయ్ స్తమాతా,” అన్నాడు సిఫిస్. “ఎంతసేపని పట్టుకుంటుంది, అమ్మకి చెయ్యి నొప్పెడుతుంది.”

స్తమాత జడ కొస రిబ్బను ముడి వేసింది. చిన్న పెలాగియాని పక్కకి జరిపి లేచి నిలబడింది.

“స్తమాత,” అంది.

సిఫిస్ నవ్వాడు. “ఏంటి, నీ పేరు నువ్వే పిలుచుకుంటున్నావా?”

ఆమె అతని వైపు తిరగలేదు. కప్పు పట్టుకున్న చేతిని చూస్తూ, మెల్లిగా, ఎవరైనా బస్సు డ్రైవరుకి చెప్పినంత మామూలుగా మళ్లీ అంది. ఈసారి అది పేరులా వినపడలేదు. పెలాగియా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పుట్టిన నాటి నుంచి అందరూ ఆమెని పిలుస్తూ వచ్చిన ఆ మాటని, ఆమె ఇంకొకరికి చెప్పడం అదే మొదటిసారి.